క్యోటో, నారా: నిదానంగా చూసి రావడానికి ఒక సమగ్ర మార్గదర్శి

జపాన్‌ను మొదటిసారి చూడబోయే మనవాళ్లు ఎవరు సలహా అడిగినా నేను చెప్పే మాట ఒకటే: ఉన్న సెలవుల్లో కనీసం ఐదు పూర్తి రోజులు క్యోటో, నారా నగరాలకు కేటాయించండి, ఆ ఐదు రోజుల్లోనూ రోజుకు రెండు, మహా అయితే మూడు చోట్లకు మించి పెట్టుకోకండి. టోక్యో, హిరోషిమా, ఫుజి పర్వతం అన్నీ చూడదగ్గవే. కానీ ఆ దేశపు చరిత్ర, మతం, శిల్పం, తోటల కళ ఇంత దగ్గర దగ్గరగా, నడిచి చూడగలిగినంత దూరాల్లో దొరికేది ఈ రెండు ఊళ్లలోనే. నారా 710 నుంచి 784 వరకు రాజధానిగా ఉంది. క్యోటో 794 నుంచి 1868 వరకు, అంటే వెయ్యేళ్లకు పైగా, చక్రవర్తుల నగరం. క్యోటో, దాని పరిసరాల్లోని 17 చోట్లను 1994లో, నారాలోని 8 చోట్లను 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు ఇంకో కారణం కూడా ఉంది. అక్కడి బౌద్ధాలయాల్లో కొలువైన దేవతల్లో చాలామందిని మనం చిన్నప్పటి నుంచి ఎరుగుదుం. బ్రహ్మ అక్కడ బోంతెన్, ఇంద్రుడు తైషకుతెన్, సరస్వతి బెంజైతెన్, కుబేరుడు బిషమొంతెన్, గరుత్మంతుడు కరుర. ఈ సంగతి తెలియకుండా వెళ్తే చీకటి మండపంలో వరుసగా నిలబెట్టిన పాత కొయ్య బొమ్మలు కనిపిస్తాయి. తెలిసి వెళ్తే, దూరదేశంలో స్థిరపడి వేషభాషలు మారిపోయిన బంధువులను చూసినట్టుంటుంది.

మొదటి పని: ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోవడం

చెర్రీ పూలు క్యోటోలో సాధారణంగా మార్చి ఆఖరు వారంలో మొదలై ఏప్రిల్ మొదటి వారం దాటేసరికి రాలిపోతాయి. నిండుగా పూసి ఉండేది వారం రోజులే. మేపుల్ ఆకులు ఎర్రబడేది నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదటి వారం వరకు. ఈ రెండు కాలాల్లో హోటల్ ధరలు విపరీతంగా పెరుగుతాయి, పేరున్న గుళ్ల దగ్గర మన తిరుమల క్యూ గుర్తుకొస్తుంది. పూల కోసమే వెళ్లేవారు ఆరు నెలల ముందే గదులు ఖాయం చేసుకోవాలి. కట్టడాలనూ తోటలనూ ప్రశాంతంగా చూడదలచినవారికి మే రెండో వారం నుంచి నెలాఖరు దాకా, లేదా అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకా నా ఓటు. జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య వరకు వానలు. ఆగస్టులో ఉక్క భరించడం కష్టం. మూడు వైపులా కొండలున్న లోయ కావడంతో క్యోటోలో గాలి ఆడదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో తుపాన్ల బెడద ఉంటుంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు, ఆగస్టు మధ్యలో ఓబోన్ అనే పితృదేవతల పండుగ రోజుల్లో, కొత్త సంవత్సరం చుట్టూ జపాన్ వాళ్లకే సెలవులు కాబట్టి ఆ రోజులు వదిలేయండి.

వేడిని తట్టుకోగలవారికి జూలైలో ఒక్క ఆకర్షణ ఉంది. అది గియోన్ మత్సురి. 869లో మహమ్మారి ప్రబలినప్పుడు దాన్ని శాంతింపజేయడానికి మొదలైన ఉత్సవం ఇది. జూలై 17, 24 తేదీల్లో రథాలు ఊరేగుతాయి. పెద్ద రథాలు సుమారు 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల బరువు ఉంటాయి. కూడలి దగ్గర వాటిని తిప్పే తీరు మన రథోత్సవాలు చూసినవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది: చక్రాలు పక్కకు తిరగవు కనుక, చీల్చిన వెదురు బద్దలను వాటి కింద పరిచి, నీళ్లు చల్లి, తాళ్లు పట్టుకున్న వాళ్లంతా ఒక్క కేకతో పక్కకు లాగుతారు. రథం ఆ తడి వెదురు మీద జారుతూ కొంచెం కొంచెంగా తిరుగుతుంది.

రెండో పని: వీసా, కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా తప్పనిసరి. పర్యాటకులకు ఇప్పుడు ఈ-వీసా ఇస్తున్నారు. దరఖాస్తు వీఎఫ్ఎస్ కేంద్రాల ద్వారా పెట్టుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యోగం లేదా వ్యాపారం రుజువులు, వీటితో పాటు ఏ రోజు ఎక్కడ ఉంటారో చూపే రోజువారీ ప్రణాళిక కూడా ఇవ్వాలి. ఈ చివరి కాగితాన్ని మొక్కుబడిగా నింపకండి. దాన్ని శ్రద్ధగా రాస్తే యాత్ర సగం రూపుదిద్దుకున్నట్టే. ఈ-వీసా వచ్చాక ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విమానాశ్రయంలో వీసా పత్రాన్ని ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్ గానీ, ప్రింటు గానీ చెల్లవు. కాబట్టి ఫోన్‌లో డేటా పనిచేసేలా ముందే ఏర్పాటు చేసుకోండి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలను విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపి క్యూఆర్ కోడ్ తీసుకుంటే దిగాక పని త్వరగా అవుతుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు పర్యాటకానికి 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. అక్కడ ఉద్యోగం చేస్తున్నా చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్నవారికి మాత్రం కావాలి.

మూడో పని: సామాను సర్దడం

గుళ్లలో, రాజభవనాల్లో, కొన్ని భోజనశాలల్లో కూడా చెప్పులు విప్పాలి, ఒక్కోసారి రోజుకు ఐదారు సార్లు. తాళ్లు కట్టే బూట్లు కాకుండా వంగకుండానే వేసుకోగలిగిన బూట్లు తీసుకెళ్లండి. చిరుగులు లేని మేజోళ్లు పెట్టుకోండి. మాంసం పచ్చళ్లు ఏ రూపంలోనూ జపాన్‌లోకి అనుమతించరు, కాబట్టి అమ్మ ప్రేమగా కట్టిచ్చిన చికెన్ పచ్చడి సీసాను ఇంట్లోనే ఉంచాలి. తాజా పండ్లు, కూరగాయలు, కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. కోడీన్, సూడోఎఫెడ్రిన్ కలిసిన కొన్ని జలుబు, దగ్గు మందులపై అక్కడ కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. మీరు వాడే మందుల్లో ఏమున్నదో డాక్టరును అడిగి, ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి. చాలా గుళ్లలో ప్రవేశ రుసుము నగదుగానే తీసుకుంటారు. సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలలో మన అంతర్జాతీయ కార్డులు పనిచేస్తాయి. వీధుల్లో చెత్తబుట్టలు చాలా అరుదు, అందుకని సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకోండి.

నాలుగో పని: చేరుకోవడం, బస

హైదరాబాదు నుంచి వెళ్లేవారు ఢిల్లీ, బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట విమానం మారి ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో దిగడం మంచిది. అక్కడి నుంచి హరుక రైలు గంటంపావులో క్యోటో స్టేషన్‌కు చేరుస్తుంది. టోక్యో నుంచి వచ్చేవారికి నొజోమి బుల్లెట్ రైలులో సుమారు రెండుంబావు గంటల ప్రయాణం. ఆ రైలులో కుడివైపు కిటికీ పక్కన, ఇంగ్లీషు E అక్షరమున్న సీటు అడిగి తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటే బయలుదేరిన ముప్పావు గంటకు ఫుజి పర్వతం కనిపిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెలకు ఆ రైలులో ప్రత్యేక సీటు రిజర్వేషన్ కావాలి.

జపాన్ రైల్ పాస్ గురించి పాత సలహాలు ఇప్పుడు పనికిరావు. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటో రానుపోను ఖర్చు సుమారు 28,000 యెన్లే అవుతుంది కాబట్టి ఈ యాత్రకు పాస్ దండగ. దానికి బదులు ఇకోకా అనే కార్డు తీసుకుని డబ్బు నింపుకుంటే రైళ్లకూ, బస్సులకూ, చిన్న దుకాణాలకూ అదే సరిపోతుంది. బస క్యోటో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో చూసుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అందంగా ఉందని కొండవైపు గది తీసుకుని, కిక్కిరిసిన సిటీ బస్సులో రెండు పెట్టెలతో గంట నిలబడ్డాను. పక్కనున్న వృద్ధులకు చోటివ్వలేక నేను పడిన సిగ్గు ఇంకా గుర్తుంది. పెట్టెలను ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు మర్నాటికల్లా చేర్చే తక్క్యూబిన్ సేవ ఉంది, హోటల్ కౌంటర్‌లో అడిగితే వాళ్లే ఏర్పాటు చేస్తారు.

ఐదో పని: గుడిలో నడవడిక నేర్చుకోవడం

జపాన్‌లో రెండు రకాల గుళ్లు ఉన్నాయి. పేరు చివర జి, దెర అని ఉంటే బౌద్ధాలయం. జింజ, తైష, జింగూ అని ఉంటే షింటో మందిరం. షింటో మందిరానికి ముందు తోరీ అనే ద్వారం ఉంటుంది. దాని కింద ఒకసారి తలవంచి, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవాలి. మధ్య దారి దేవతలదని నమ్మకం. లోపల నీటి తొట్టి దగ్గర కుడిచేత్తో గరిటె పట్టి ఎడమచేయి, తర్వాత ఎడమచేత్తో పట్టి కుడిచేయి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించి, చివరగా గరిటెను నిటారుగా ఎత్తాలి. మిగిలిన నీళ్లు పిడి మీదుగా జారి, తర్వాతి మనిషి పట్టుకునే చోటును కడుగుతాయి. ఆ చివరి కదలికలో ఉన్న మర్యాదను నేను ఎన్నోసార్లు నిలబడి చూశాను. సన్నిధిలో నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, నమస్కరించి, మళ్లీ ఒకసారి వంగాలి. బౌద్ధాలయంలో చప్పట్లు ఉండవు, మన నమస్కారమే.

పెద్ద ద్వారాల దగ్గర గడపను తొక్కకూడదు, దాటాలి. ఈ ఒక్క నియమం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. విగ్రహాలున్న మండపాల్లో చాలాచోట్ల ఫోటోలు నిషిద్ధం. గుడికి వచ్చిన గుర్తుగా గోషుయిన్ అనే ముద్ర వేసి, కుంచెతో ఆ గుడి దేవత పేరు, తేదీ రాసిస్తారు. 300 నుంచి 500 యెన్లు. దానికోసం మొదటి గుడిలోనే మడతల పుస్తకం కొనుక్కోండి.

ఇంకో మాట. ఇవన్నీ కొయ్య కట్టడాలు. నిప్పుకు, యుద్ధాలకు కాలిపోయి, తిరిగి కట్టినవే ఎక్కువ. గుడి స్థాపించిన సంవత్సరం వేరు, ఇప్పుడు మీరు చూస్తున్న కట్టడం సంవత్సరం వేరు. దీన్ని లోపంగా చూడకండి. మన గుళ్ల జీర్ణోద్ధరణలాగే, అక్కడ కొనసాగింపు అంటే కట్టే పద్ధతిని, పూజను నిలబెట్టుకోవడం. ఇసే మహామందిరాన్నైతే ప్రతి 20 ఏళ్లకూ కావాలనే కొత్తగా కడతారు.

మొదటి రోజు: తోజి, సంజూసంగెన్‌దో

చాలామంది మొదటి రోజే బంగారు మందిరానికి పరుగెత్తుతారు. నా సలహా వేరు. క్యోటో స్టేషన్ నుంచి నైరుతి దిక్కుగా పావుగంట నడిస్తే తోజి వస్తుంది. ఉదయం 8 గంటలకే తెరుస్తారు. 796లో మొదలైన ఈ ఆలయాన్ని 823లో సాగా చక్రవర్తి కూకై అనే భిక్షువుకు అప్పగించాడు. కూకై 804లో చైనా వెళ్లి, మంత్రయాన బౌద్ధాన్నీ సంస్కృతాన్నీ అభ్యసించి, రెండేళ్లకు తిరిగివచ్చి శింగోన్ సంప్రదాయాన్ని స్థాపించాడు. ఆ సంప్రదాయపు గురుపరంపరలో ర్యూమ్యో అనే పేరుతో ఉన్నది నాగార్జునుడే. దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో ఆయనకు మంత్రశాస్త్రం లభించిందని వారి ఐతిహ్యం. ఆ స్తూపం మన అమరావతిదే కావచ్చునని భావించిన పండితులూ ఉన్నారు. కృష్ణాతీరం నుంచి వెళ్లిన మనిషికి ఆ ప్రాంగణంలో నిలబడడం ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను.

తోజి ప్రవచన మండపంలో 21 విగ్రహాలు ఒక మండలంగా కొలువై ఉంటాయి. మధ్యలో మహావైరోచనుడు, జపాన్ పేరు దైనిచి. ఆయనను చూశాక మండపం రెండు కొసలకూ వెళ్లండి. ఒక కొసన నాలుగు ముఖాల బ్రహ్మ హంసల మీద కూర్చుని ఉంటాడు. రెండో కొసన ఇంద్రుడు ఏనుగు మీద. ముఖాలు తూర్పు ఆసియా పోలికలతో ఉన్నా, వాహనాలు చూడగానే గుర్తుపట్టేస్తాం. లోపల వెలుతురు తక్కువ. కళ్లు అలవాటుపడడానికి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఆ హంసల మెడల వంపు మెల్లగా తేలుతుంది. బయట ఉన్న ఐదంతస్తుల గోపురం ఎత్తు సుమారు 55 మీటర్లు. 1644లో తిరిగి కట్టిన ఇది జపాన్‌లోకెల్లా ఎత్తయిన కొయ్య గోపురం. ప్రతి నెలా 21వ తేదీన ఈ ప్రాంగణంలో పెద్ద సంత జరుగుతుంది. మీ ప్రయాణంలో ఆ తేదీ కలిస్తే వదలకండి. బౌద్ధ శ్మశానాల్లో సమాధుల వెనుక నిలిపిన కొయ్యపలకల మీద సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృత బీజాక్షరాలు కనిపిస్తాయి. ఆ లిపి కూడా మన తెలుగు లిపిలాగే బ్రాహ్మి సంతానం.

మధ్యాహ్నం స్టేషన్‌కు తూర్పున ఇరవై నిమిషాల నడకలో ఉన్న సంజూసంగెన్‌దోకు వెళ్లండి. 1164లో కట్టి, 1249లో కాలిపోయి, 1266లో తిరిగి లేచిన 120 మీటర్ల పొడవైన మండపం ఇది. లోపల కరుణకు ప్రతిరూపమైన బోధిసత్వుడు, సహస్రబాహు అవలోకితేశ్వరుడి విగ్రహాలు 1001 ఉంటాయి: నడుమ కూర్చున్న పెద్ద విగ్రహం, ఇరువైపులా ఐదేసి వందల నిలువెత్తు విగ్రహాలు. ఒక్కో విగ్రహం ముఖం ఒక్కోలా ఉంటుంది. వాటికి ముందు వరుసలో 28 మంది పరివార దేవతలను నిలిపారు. వారిలో వేణువు పట్టిన గరుడుడు ఉన్నాడు. ముక్కు చూసి పక్షి అని, రెక్కలు చూసి గరుత్మంతుడు అని పోల్చుకోవాలి. ఈ రెండు గుళ్లకే రోజు సరిపోతుంది.

భోజనం సంగతి

మాంసం లేకపోతే శాకాహారమే అనుకోవడం జపాన్‌లో పెద్ద పొరపాటు. అక్కడి పులుసులకు, సాస్‌లకు, కూరలకు ఆధారం దాషి అనే రసం; దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన బొనిటో చేపతో కాస్తారు. శాకాహారులు "నికు మొ సకనా మొ తబెమసేన్", అంటే మాంసం, చేప రెండూ తిననని చెప్పి, దాషి గురించి విడిగా అడగాలి. క్యోటోలో బౌద్ధ భిక్షువుల సంప్రదాయంలో వండే షోజిన్ ర్యోరి పూర్తిగా శాకాహారం. కొన్ని గుళ్ల ఆవరణల్లోనే వడ్డిస్తారు. నంజెంజి పరిసరాల్లో వేడినీటిలో వేసి తెచ్చే టోఫు, సోయాపాల మీగడతో చేసే యుబ తప్పక రుచి చూడండి, నంజుకునే సాస్‌లో దాషి ఉందేమో మాత్రం కనుక్కోండి. కారం లేకుండా ఐదు రోజులు గడవనివారు పొడులు తీసుకెళ్లవచ్చు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. టిప్పు ఇవ్వకూడదు.

రెండో రోజు: కింకకుజి, ర్యోఆంజి, నిజో కోట

కింకకుజి బంగారు మందిరం ఉదయం 9కి తెరుస్తారు. పావుగంట ముందే గేటు దగ్గర ఉండండి. 1397లో షోగున్ (చక్రవర్తి పేరిట దేశాన్ని ఏలిన సేనాధిపతి) అషికగ యోషిమిత్సు తన విశ్రాంతి భవనంగా మొదలుపెట్టిన దీన్ని 1950లో ఒక యువ భిక్షువు తగలబెట్టాడు. 1955లో పూర్వపు రూపంలోనే కట్టారు. మీ చేతికిచ్చే టికెట్టు నిజానికి రక్షరేకు లాంటి కాగితం, పారేయకండి. ఈ గుడి అసలు పేరు రొకుఒంజి, అంటే మృగదావం, జింకల వనం. బుద్ధుడు తొలి ఉపదేశం చేసిన సారనాథ్ పేరే అది.

అక్కడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ర్యోఆంజి. తెల్ల కంకర పరిచిన సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఆవరణలో 15 రాళ్లు. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయైనా మరుగునే ఉంటుంది. అందరూ రాళ్లు లెక్కపెట్టి లేచిపోతారు. మీరు వెనక గోడను కూడా చూడండి. నూనెతో ఉడికించిన మట్టితో పెట్టిన గోడ అది. శతాబ్దాలుగా ఆ నూనె పైకి ఊరి గోధుమ రంగు మరకలు మేఘాల్లా పరుచుకున్నాయి. వెనకవైపు గుండ్రని రాతి నీటితొట్టి ఉంది. దాని మీద చెక్కిన నాలుగు అక్షరాలను విడిగా చదివితే పొందికైన అర్థం రాదు. మధ్యలోని చదరపు గుంటను ప్రతి అక్షరంలో భాగంగా కలుపుకుంటేనే వాక్యం పూర్తవుతుంది. తృప్తి ఒక్కటే నేనెరుగుదును అని దాని భావం.

ఓపిక ఉంటే మధ్యాహ్నం నిజో కోట. 1603లో తొకుగవ ఇయెయసు కట్టించిన ఈ కోటలోనే 1867లో చివరి షోగున్ అధికారాన్ని చక్రవర్తికి అప్పగిస్తున్నట్టు ప్రకటించాడు. వసారాల్లో నడుస్తుంటే పలకలు పిట్టల్లా కిచకిచమంటాయి. పలకల కింద బిగించిన ఇనుప కొక్కేలు, మేకులు అడుగు పడినప్పుడల్లా ఒరుసుకుని చేసే చప్పుడది. కొన్ని నెలల్లో మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

మూడో రోజు: కియోమిజుదెర, గియోన్

కియోమిజుదెర ఉదయం 6 గంటలకే తెరవడం మనకు వరం. 6:15కి చేరితే, 1633లో కట్టిన ప్రధాన మందిరపు వేదిక దాదాపు ఖాళీగా దొరుకుతుంది. లోయ మీదికి 13 మీటర్ల ఎత్తున సాగిన ఆ వేదికను ఇనుప మేకులు లేకుండా, స్తంభాలకు తొలిచిన రంధ్రాల్లో దూలాలు దూర్చి నిలబెట్టారు. పైనుంచి చూసి సరిపెట్టుకోకండి. దిగువ దారిలోకి వెళ్లి, ఆ జెల్కోవా చెట్ల స్తంభాల కింద నిలబడి తలెత్తి చూస్తేనే వడ్రంగుల పని అర్థమవుతుంది. పక్కనే ఒతోవా జలధార మూడు పాయలుగా పడుతుంది. తర్వాత సన్నెన్‌జక, నినెన్‌జక రాతిమెట్ల వీధుల్లో దుకాణాలు తెరవకముందే నడిచి దిగండి.

సాయంత్రం గియోన్ పేట. ఈ పేరు బుద్ధుడు వర్షావాసాలు గడిపిన జేతవనానికి జపాన్ రూపం. ఇక్కడి సందుల్లో గెయికోలు, మైకోలు అనే కళాకారిణులు పనికి వెళ్తూ కనిపిస్తారు. వారి వెంటపడి ఫోటోలు తీసేవారు మితిమీరడంతో ప్రైవేటు సందుల్లోకి పర్యాటకుల ప్రవేశాన్ని నిషేధించారు, 10,000 యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు. వాళ్లు పనికి వెళ్తున్న మనుషులు. కెమెరా సంచిలో పెట్టి దారివ్వడం మన మర్యాద.

నాలుగో రోజు క్యోటో పడమటి అంచున ఉన్న అరషియమకు ఇవ్వండి. వెదురు తోపును ఉదయం 7లోపు చూడాలి. 10 దాటాక వెళ్తే వెదుళ్ల కంటే తలలే ఎక్కువ కనిపిస్తాయి. తోపు నిజానికి చిన్నది, పావుగంటలో అయిపోతుంది. అక్కడ మనసు పెట్టి చూడవలసింది పక్కనున్న తెన్ర్యూజి తోట; వెనకున్న కొండలను కూడా తోటలో భాగంగా కలుపుకున్న అమరిక దానిది. మిగిలిన పూట ఏటి ఒడ్డున గడిపి విశ్రాంతి తీసుకోండి. మర్నాడు పెద్ద రోజు.

ఐదో రోజు: ఫుషిమి ఇనారి, నారా

తెల్లవారుజామునే క్యోటో స్టేషన్‌లో నారా వైపు వెళ్లే జేఆర్ (జపాన్ రైల్వేస్) రైలు ఎక్కితే ఐదు నిమిషాల్లో ఇనారి. వేగంగా వెళ్లే మియకోజి బండ్లు అక్కడ ఆగవు, అన్ని స్టేషన్లలో ఆగేది ఎక్కాలి. స్టేషన్ ఎదురుగానే ఫుషిమి ఇనారి మందిరం, రాత్రింబగళ్లు తెరిచే ఉంటుంది, రుసుము లేదు. 711లో మొదలైన ఈ క్షేత్రంలో వేలాది ఎర్రని తోరీలు 233 మీటర్ల కొండ చుట్టూ బారులు తీరి ఉంటాయి. ఎక్కేటప్పుడు ఎరుపే కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూడండి. ప్రతి స్తంభం మీద దాత పేరు, ప్రతిష్ఠించిన తేదీ నల్లగా రాసి ఉంటాయి. మన గుళ్ల మెట్ల మీద చెక్కిన పేర్లు గుర్తొస్తాయి. సగం దారిలో యొత్సుత్సుజి కూడలి నుంచి ఊరు కనిపిస్తుంది, అక్కడి నుంచి తిరిగి దిగినా చాలు.

అదే రైలు మార్గంలో నారాకు. ఉద్యానంలో వెయ్యికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. వాటికోసం అమ్మే బిస్కెట్లు తప్ప ఏమీ పెట్టకూడదు. ఊరించి ఆలస్యం చేస్తే కరుస్తాయి, పిల్లలున్నవారు జాగ్రత్త.

తోదైజి మహాద్వారంలో 8 మీటర్లకు పైబడిన ఇద్దరు ద్వారపాలకులు ఉంటారు, 1203లో ఉంకెయి, కైకెయి శిల్పుల బృందం చెక్కినవి. ఒకరి నోరు తెరిచి ఉంటుంది, ఒకరిది మూసి ఉంటుంది. అకారంతో ఆది, హుంకారంతో అంతం అని సంస్కృత అక్షరమాలను సూచించే జంట అది. జపాన్ అక్షరాల వరుస కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. సిద్ధం లిపిని చదివిన భిక్షువుల వల్ల మన వర్ణమాల క్రమం అక్కడికి చేరింది.

లోపల మహాబుద్ధుడు, సుమారు 15 మీటర్ల కంచు వైరోచనుడు. మశూచి ప్రబలి దేశం తల్లడిల్లిన తర్వాత 743లో షోము చక్రవర్తి దీనికి సంకల్పించాడు. 752లో జరిగిన నేత్రోన్మీలనం బోధిసేనుడనే భారతీయ భిక్షువు చేతుల మీదుగా జరిగింది. ఆయన 736లో చైనా మీదుగా జపాన్ చేరినవాడు. అక్కడివారు బ్రాహ్మణ ఆచార్యుడని పిలిచేవారు. కనుపాపలు దిద్దిన కుంచెకు పొడవైన దారాలు కట్టి, ఆ దారాలను కింద ఉన్నవారు పట్టుకున్నారు, పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె నేటికీ పక్కనున్న షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉంది. విగ్రహం తల, కొంత భాగం తర్వాతి కాలాల్లో తిరిగి పోతపోసినవి. మండపం 1709లో పూర్తయింది. మొదటి మండపం ఇంతకంటే చాలా వెడల్పు.

సమయముంటే కొఫుకుజి నిధిమందిరంలో 734 నాటి అసురుణ్ణి చూడండి. మూడు ముఖాలు, ఆరు చేతులు, మనిషికంటే కాస్త పొట్టి. మనం బొమ్మల్లో చూసిన అసురుడిలా కోరలు, ఉగ్రరూపం లేవు. కనుబొమలు ముడిచి చేతులు జోడించిన కుర్రవాడి ముఖం. నేను ఆ ఊళ్లో చూసిన వాటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ బొమ్మే.

పొద్దు వాలే వేళకు తోదైజి వెనక కొండమీది నిగత్సుదోకు ఎక్కండి. 752 నుంచి ఒక్క ఏడాదీ ఆగకుండా జరుగుతున్న ఒమిజుతోరి వ్రతం ఇక్కడిదే. మార్చి 1 నుంచి 14 వరకు ప్రతి రాత్రీ భిక్షువులు మండే కాగడాలు పట్టుకుని వరండా పొడవునా పరుగెత్తుతారు, నిప్పురవ్వలు కింద నిలబడిన జనం మీద రాలుతాయి. మిగతా రోజుల్లో ఆ వరండా నిశ్శబ్దంగా ఉంటుంది. రుసుము లేదు, మూసే వేళ లేదు. ఎదురుగా మహామండపం కప్పు, దాని వెనక నారా ఊరు, ఆవలి కొండల్లోకి దిగే సూర్యుడు కనిపిస్తారు. లాంతర్లు వెలిగాక రాతిమెట్ల దారిలో దిగితే కింతెత్సు అనే మరో రైలు సంస్థ నారా స్టేషన్ సుమారు అరగంట నడక. క్యోటోకు రాత్రి పొద్దుపోయే దాకా రైళ్లు ఉంటాయి.